గరుడుడు రాని మడుగు

శ్రీరాంపూర్ ఏరియా బొగ్గుబాయిల్లో నేను చాన్నాళ్లు మైనింగ్ సర్దార్‌గా చేశాను. సర్దార్ పని ఏమిటో బయటివాళ్లకు తెలియదు. షిఫ్టు మనుషుల కంటే ముందు పనిస్థలానికి పోవాలి. కర్రతో రూఫ్ తట్టి చప్పుడు వినాలి. సేఫ్టీ ల్యాంపు పట్టి గ్యాస్ చూడాలి. అంతా బాగుంటే "రావచ్చు" అని చెప్పాలి. ఆ ఒక్క మాటకే మా జీతం. రిటైరై నస్పూర్‌లో ఇల్లు కట్టుకున్నాక ఆ మాట ఒకసారి ఏమీ చూడకుండానే అనేశాను. ఎదురుగా ఉన్నవి చేపలు కాబట్టి నా మీద ఎంక్వైరీ పడలేదు.

దసరా సెలవులకు మనుమరాలు వచ్చింది. చేపలు కావాలంది. మంచిర్యాలలో ఒక దుకాణానికి పోయి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గాజు తొట్టి కొన్నాం. నిండా పోస్తే యాభై లీటర్ల పైచిలుకు పడుతుంది. తర్వాత పిల్ల వేలు పెట్టి చూపించిందల్లా కొన్నాం. ఆరు గప్పీలు, రెండు గోల్డ్‌ఫిష్‌లు, నాలుగు టైగర్ బార్బ్‌లు, నీలంగా మెరిసే ఒక ఫైటర్, అడుగున పాకురు తింటుందని ఒక సక్కర్. "అన్నీ ఒక్కదాంట్ల కలుస్తయా?" అని అడిగాను. "మస్తుగ కలుస్తయి సార్, ఏం గాదు" అన్నాడు దుకాణమతను. నేను సంచులు పట్టుకుని వచ్చాను. రూఫ్ తట్టకుండా మనుషుల్ని లోపలికి పంపడమంటే ఇదే.

ఆ చేపల ఊర్లు ఏవో తర్వాత తెలుసుకున్నాను. గప్పీది దక్షిణ అమెరికా ఉత్తరపు కొస, ట్రినిడాడ్ వైపు. సక్కర్‌ది కూడా ఆ ఖండపు నదులే. గోల్డ్‌ఫిష్ చైనాది, చల్లని నీళ్లకు అలవాటుపడ్డది. ఫైటర్ థాయ్‌లాండ్ వరి మళ్లలోది. టైగర్ బార్బ్ సుమత్రా అడవి వాగుల్లోది. నేను కలపకపోతే ఇవి జన్మలో ఒకదాని మొహం ఒకటి చూసి ఉండేవి కావు. మా నస్పూర్ మున్సిపాలిటీని 2025లో తీసుకుపోయి మంచిర్యాల కార్పొరేషన్‌లో కలిపారు. ఊర్లను కలపడానికి కాగితం చాలు. నీళ్లలో కాగితం నానిపోతుంది.

మూడో రోజుకు గప్పీల తోకలు చిరిగిన జెండాల్లా అయ్యాయి. టైగర్ బార్బ్‌లు వెనకనుంచి వచ్చి చటుక్కున కొరికి పోతున్నాయి. ఫైటర్ పెద్ద రెక్కలు మోసుకుంటూ మెల్లగా ఈదుతుంది కదా, దాని రెక్కలనూ వదల్లేదు. అది మళ్లీ ఆ కోపం గప్పీల మీద చూపించింది. రంగురంగుల తోకలున్న మగ గప్పీ దాని కంటికి ఇంకో ఫైటర్‌లా కనబడుతుందట. మా ఆమె చూడలేకపోయింది. "పాపం, గంత చిన్న జీవాలను గట్ల కొరుకుతుంటె సూసుకుంట కూసుంటరా? గా సారల చేపలను తీసి అవుతల పడేయుండ్రి" అంది. నాకూ మనసు కరిగింది. నాలుగు బార్బ్‌లను పట్టి దుకాణానికి తిరిగిచ్చి వచ్చాను. ఆ రాత్రి తొట్టి ఎంత ప్రశాంతంగా ఉందో! పుణ్యం చేసినవాడిలా పడుకున్నాను.

తర్వాత చేసినవన్నీ కూడా ప్రేమతో చేసినవే. దెబ్బతిన్న చేపలు కోలుకోవాలని రోజుకు మూడుసార్లు మేత వేశాం. ఇంటికి వచ్చినవాళ్లంతా తలా ఒక చిటికెడు వేశారు. ఫిల్టర్ స్పాంజి నల్లగా జిడ్డుగా ఉంటే, అసహ్యమనిపించి, నల్లా కింద పట్టి తెల్లగా అయ్యేదాకా పిండాను. పదో రోజు తెల్లవారుజామున లేచి చూస్తే నీళ్లు గంజిలా ఉన్నాయి. ఫైటర్ తప్ప మిగతా చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరిచి ఆయాసపడుతున్నాయి. మొప్పలు ఎర్రగా కమిలి ఉన్నాయి. సాయంత్రానికి గప్పీలు నాలుగు పోయాయి. దేనికీ కొత్త గాయం లేదు. కొరికేవాడు అక్కడ లేడు.

అప్పుడు నాలో పాత సర్దార్ లేచాడు. బాయిలో రూఫ్ పడేముందు ఏదో ఒకటి చెప్తుంది. రూఫ్‌కు పెట్టిన ప్రాప్ కిర్రుమంటుంది, పైనుంచి ఇసుక రాలుతుంది. గ్యాస్ ఏమీ చెప్పదు. మీథేన్‌కు రంగు లేదు, వాసన లేదు. ల్యాంపు వత్తి బాగా తగ్గించి కళ్ల ఎదుట పట్టుకుంటే, మంట మీద లేత నీలం రంగులో చిన్న టోపీలాంటిది నిలబడుతుంది. ఆ టోపీ ఎత్తును బట్టి ఎంత శాతం ఉందో లెక్క. 1.25 శాతానికి వచ్చిందంటే మనుషుల్ని బయటికి తీయాల్సిందే. 5కూ 15కూ మధ్య అయితే నిప్పు తగిలితే పేలుతుంది. మా వాళ్లు రూఫ్‌కు భయపడ్డంతగా గ్యాస్‌కు భయపడేవాళ్లు కాదు. కనబడేదానికే మనిషి భయపడతాడు.

నీళ్లు పరీక్ష చేసే చుక్కల సీసాలు తెప్పించాను. గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పోసి, చుక్కలు వేసి, ఊపి ఐదు నిమిషాలు ఆగాలి. పసుపుగా ఉంటే క్షేమం, పచ్చబడితే విషం. బజారులో పచ్చ దీపం వెలిగితే పొమ్మని. ఇక్కడ పచ్చ కనబడితే పోయినట్టే. నాకు ముదురు పచ్చ వచ్చింది. చేపల మలం, కుళ్లిన మేత కలిసి అమోనియా అవుతుంది. బాయిలో మేం నూటికి ఇంత అని లెక్కపెడితే, ఇక్కడ పది లక్షల పాళ్లలో ఒక్క పాలు ఉన్నా చేప ప్రాణం మీదికి వస్తుంది. ఆ అమోనియాను తిని, తక్కువ హాని చేసే పదార్థంగా మార్చే సూక్ష్మజీవులు కొన్ని ఉంటాయి. కొత్త తొట్టిలో అవి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వాటి కాపురం ముఖ్యంగా ఫిల్టర్ స్పాంజిలోనే. నేను క్లోరిన్ నీళ్లతో కడిగి పారబోసిన ఆ నల్లని జిడ్డులోనే.

ఇంకొక సంగతి. టైగర్ బార్బ్‌లు తిండిపోతులు. మేం ఎంత ఎక్కువ వేసినా అడుగున మెతుకు మిగలనిచ్చేవి కావు. అవి పోయాకే మేత కుళ్లింది.

ఇదంతా తెలిశాక మా బాపు చెప్పిన కథ ఒకటి గుర్తొచ్చింది. ఆయనకు చదువు రాదు. బాయిలో తట్ట, చెమ్మాస్ పట్టి బొగ్గు టబ్బులు నింపినవాడు. కానీ భాగవతం ఎక్కడ చెప్తున్నా పోయి ముందు వరుసలో కూర్చునేవాడు. కాళియ మర్దనం కథ ఆయన దగ్గరే విన్నాను. ఆ కథకు ముందు ఇంకో కథ ఉందని రిటైరయ్యాక పోతన దశమ స్కంధం సొంతంగా చదువుకునేదాకా నాకు పట్టలేదు. యమునలో ఆ మడుగు దగ్గర సౌభరి అనే ముని ఉండేవాడు. గరుడుడు ఆకలితో వచ్చి, ముని వద్దంటున్నా వినకుండా, అక్కడి చేపల రాజును తన్నుకుపోయి తిన్నాడు. మిగిలిన చేపల దుఃఖం చూసి సౌభరికి కడుపు తరుక్కుపోయింది. ఇకమీద ఇక్కడికి వచ్చి చేపను తింటే నీ ప్రాణం అప్పుడే పోతుందని గరుడుడికి శాపం పెట్టాడు.

ముని చేసింది దయే. ఎవరూ తప్పు పట్టలేరు. కానీ గరుడుడు రాలేని చోటు ఒకటి ఉందని ఒక్కడికి తెలిసింది. కాళియుడికి. గరుడుడితో తగవు పెట్టుకుని, దెబ్బలు తిని పారిపోతున్నవాడు నేరుగా వచ్చి ఆ మడుగులో మకాం పెట్టాడు. నీళ్లు విషంతో కాగిపోయాయి. పైన ఎగిరే పక్షులు గాలి తగిలి రాలిపడ్డాయి. ఒడ్డున చెట్లు మాడిపోయాయి. నీళ్లు తాగిన ఆవులు, గోపబాలురు పడిపోతే కృష్ణుడే లేపాల్సి వచ్చింది. మరి ఏ చేపల కోసం ముని శాపం పెట్టాడో ఆ చేపలు ఏమయ్యాయి? ఆ సంగతి ఎవరూ చెప్పగా నేను వినలేదు. గంజిలాంటి నీళ్ల ముందు గిన్నె పట్టుకుని, చచ్చిన గప్పీలను ఏరుతున్న తెల్లారి మాత్రం నాకు అడగాల్సిన పని లేకపోయింది.

పంటిని తీసేయడమే రక్షించడం అనుకున్నాడు సౌభరి. నేనూ అదే అనుకున్నాను. నీటి సంగతి ఇద్దరం చూడలేదు. దయ అంటే ఏడుస్తున్నవాడి వైపు తిరగడమని మనకు చిన్నప్పటినుంచి నేర్పారు. ఏడవని వాటి మాట ఏమిటి? స్పాంజిలో కంటికి కనబడకుండా పనిచేస్తున్న జీవులు ఏడవవు. నా దయకు అవే ముందు బలయ్యాయి.

ఈ ముని గురించే నవమ స్కంధంలో ఇంకో కథ ఉంది. యమున నీళ్లలో తపస్సు చేస్తూ, ఒక మగ చేప పెళ్లాంపిల్లలతో హాయిగా తిరుగుతుంటే చూసి, సంసారం మీద ఆశ పుట్టి, మాంధాత కూతుళ్లు యాభై మందినీ పెళ్లాడాడు. తర్వాత పశ్చాత్తాపపడ్డాడనుకోండి. నేను తొట్టి ముందు గంటలకొద్దీ కూర్చుంటున్నానని సణిగే మా ఆమెకు ఈ కథ చెప్పాను. "మీకు గా పింఛన్ల ఒక్కదాన్ని సాకుడే కష్టమైతంది" అంది.

టైగర్ బార్బ్‌ల విషయంలో నా తప్పు ఇంకా లోతైనది. అవి గుంపు చేపలు. ఆరు, ఎనిమిది, ఇంకా ఎక్కువ ఉంటే వాటిలో అవే తరుముకుంటాయి, పెద్దరికాలు తేల్చుకుంటాయి, పక్కవాళ్ల జోలికి తక్కువ పోతాయి. నాలుగే ఉంటే ఆ కొట్లాట అంతా పొడుగు తోకలవాళ్ల మీద పడుతుంది. అంటే దుష్టులని మేం తిట్టిన చేపలు నా లెక్క తప్పడం వల్ల దుష్టులయ్యాయి. కృష్ణుడు తన తలల మీద నాట్యం చేసిన తర్వాత కాళియుడు ఆయనతో అన్న మాట కూడా ఇలాంటిదే. మాది పుట్టుకతోనే కోపిష్ఠి జాతి, స్వభావం విడవడం కష్టం, ఆ స్వభావం ఇచ్చినవాడివి నువ్వే కదా అన్నాడు. కృష్ణుడు కాదనలేదు. చంపనూ లేదు. నీ చోటు ఇది కాదు, సముద్రంలో ఉన్న నీ దీవికి పో, నా పాదాల గుర్తులు నీ తల మీద ఉన్నాయి కాబట్టి గరుడుడు నిన్నేమీ చేయడు అని పంపించాడు. గోల్డ్‌ఫిష్‌లను నేను అలాగే పంపించాను. వాటికి చల్లని నీళ్లు కావాలి, గప్పీలకు వెచ్చటివి కావాలి. పైగా ఒక్కొక్కటి జానెడు పెరుగుతుంది. తెలిసినవాళ్ల పెరట్లో చెట్టు నీడన పెద్ద గోలెం ఉంటే అందులో వేసి వచ్చాను. ఫైటర్‌కు వేరే చిన్న తొట్టి పెట్టాను.

ఇది చూసి మా వీధిలో ఒక పెద్దమనిషి తృప్తిగా తల ఊపాడు. "సూసినవా, ఎవల జాగల వాళ్లుంటెనె బాగుంటది. మన పెద్దలు ఊకనె పెట్టిండ్రా?" అన్నాడు. ఆయన మాట్లాడుతున్నది చేపల గురించి కాదని నాకు తెలుసు. ఆయన ఇంట్లో చాయ్ గ్లాసులు రెండు రకాలుగా ఉండేవని కూడా తెలుసు. గీతలో కూడా జీవులు తమ ప్రకృతిని బట్టే నడుస్తాయని ఉందంటాడు. ఉంది, మూడో అధ్యాయంలో. కానీ ఆ మాట చెప్పిన కృష్ణుడే అర్జునుణ్ణి కూర్చోబెట్టి పద్దెనిమిది అధ్యాయాలు వాదించాడు. ప్రకృతి ఒక్కటే తేల్చేదైతే అంత వాదన దేనికి? గప్పీకి ఎవరూ ఉపదేశం చేయరు. నేను పనిచేసిన బొగ్గు ఫేస్‌లో అన్ని కులాలవాళ్లం ఒకే సీసా నీళ్లు తాగాం, ఒకరి క్యాప్ ల్యాంపు ఆరిపోతే ఇంకొకరి వెలుతురులో నడిచి బయటికి వచ్చాం. చేపకు తన జాతే స్వభావం. మనిషి జాతి అంతా ఒకటే; తొట్లు మనం కట్టినవి. ఆయనకు ఇదంతా చెప్పాను. ఆ తర్వాత రెండు నెలలు మా ఇంటికి రాలేదు.

చేపను గాజుగోడ మధ్య పెట్టడమే హింస కాదా అని మా అల్లుడు అడుగుతాడు. ఇది అంత తొందరగా జవాబు దొరికే ప్రశ్న కాదు. శతపథ బ్రాహ్మణంలో మనువు కథ గుర్తొస్తుంది. పొద్దున చేతులు కడుక్కుంటుంటే నీళ్లలో ఒక చిన్న చేప దోసిట్లోకి వచ్చింది. చిన్నగా ఉన్నంతకాలం మమ్మల్ని పెద్ద చేపలు మింగేస్తాయి, కాపాడు అంది. ముందు కుండలో ఉంచు, పట్టకపోతే గుంట తవ్వు, అదీ చాలకపోతే సముద్రానికి చేర్చు అని దారి కూడా అదే చెప్పింది. మనువు అలాగే చేశాడు. తర్వాత జలప్రళయంలో ఆ చేపే అతని ఓడను లాగింది. ఇదే మనువును కౌటిల్యుడు ఇంకోచోట తెస్తాడు. పెద్ద చేప చిన్న చేపను మింగే మత్స్యన్యాయంతో విసిగిపోయిన జనం వైవస్వత మనువును రాజును చేసుకుని, పంటలో ఆరో వంతు ఇస్తామన్నారట. రాజ్యం అనేది ఎందుకు పుట్టిందో చెప్పడానికి ఆ పాతకాలం వాళ్లకు చేపల తొట్టి తప్ప వేరే పోలిక దొరకలేదన్నమాట.

మనువు కథలో నాకు నచ్చేది ఓడ కాదు, కుండ. కుండలో పెట్టడం తప్పని కథ అనలేదు. చేప పెరుగుతుంటే కుండ మార్చకపోవడం తప్పు. దుకాణాల్లో రెండంగుళాల చేపలను షార్క్ పిల్లలని చెప్పి అమ్ముతారు. నిజానికి అవి మెకాంగ్ నదిలో మీటరు దాటి పెరిగే జెల్ల జాతివి. నా సక్కర్ కూడా అంతే, అడుగు దాటి పెరుగుతుంది. ఆ సంగతి తెలిశాక పక్కింటామె నాకు మంచి సలహా ఇచ్చింది. "గోదారిల ఇడిసిపెట్టుండ్రి అన్నా, పున్నెం అస్తది." గోదావరి మీది ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు మాకు దూరమేమీ కాదు. కానీ ఆ పుణ్యం ఎలాంటిదో ఆంధ్రలో, తెలంగాణలో చెరువుల మీద బతికేవాళ్లను అడగాలి. ఇలా వదిలిన సక్కర్లు చెరువుల్లో పెరిగి, మేత తినేసి, ముళ్ల రెక్కలతో వలలు చింపుతుంటే దెయ్యం చేపలని తిడుతున్నారు. దోమలు పోతాయని బయటి దేశం నుంచి తెచ్చి గుంటల్లో వదిలిన గంబూసియా కూడా దోమపిల్లలతో ఆగదు, మన చేపల గుడ్లనూ పిల్లలనూ తింటుంది. ప్రతి ఒడ్డునా ఒక సౌభరి కూర్చుని ఉన్నాడు. సక్కర్ నా దగ్గరే ఉంది. వచ్చే ఏడాదికి దానికి నాలుగడుగుల తొట్టి కావాలి. పింఛను సంగతి మా ఆమె ముందే చెప్పింది.

నేను శాకాహారిని కాను. ఇది దాచి ఈ మాటలన్నీ రాస్తే అబద్ధమవుతుంది. మృగశిర కార్తె వచ్చిందంటే మా వైపు చేప తినని మాంసాహారి ఉండడు. మొన్న కార్తె మొదటి రోజు పొద్దున్నే పోయి కిలోన్నర కొర్రమట్ట తెచ్చాను. ఇది మన రాష్ట్ర చేప. పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది, అందుకే నీళ్లు లేకున్నా చాలాసేపు బతికి ఉంటుంది. ఫైటర్‌ది కూడా ఇదే రకం ఊపిరి. విషమెక్కిన తొట్టిలో అది ఆయాసపడకుండా నిలబడడానికి ఆ ఊపిరీ ఒక కారణమేనేమో. కొర్రమట్టలు ఆడామగా కలిసి పిల్లల గుంపుకు కాపలా కాస్తాయి, ఎవరైనా దగ్గరికి వస్తే మీదికి దూకుతాయి. ఇది తెలిసీ తిన్నాను. ఒక చేపకు మందు వేసి, ఇంకో చేపకు మసాలా వేసే చెయ్యి నాదే. దీనికి సమాధానం నా దగ్గర లేదు. ఉన్నట్టు మాట్లాడేవాళ్లంటే నాకు అనుమానం.

ఆ పొద్దున్నే మా ఆమె వాకిట్లో బూడిద చల్లి, కొర్రమట్టను రాయి మీద రుద్దుతోంది. నేను లోపల నీళ్ల పరీక్ష చేస్తున్నాను. గొట్టం పసుపుగా వచ్చింది. అప్పుడు చూశాను, బతికిన రెండు గప్పీల్లో ఆడది మూలకు పోయి పిల్లల్ని వేస్తోంది. గప్పీ గుడ్లు పెట్టదు, నెలకోసారి పిల్లల్నే కంటుంది. ఒక్కొక్కటి వెంట్రుక ముక్కంత, రెండు నల్ల చుక్కల కళ్లు. జారి కిందికి పడి, ఒక్క క్షణం ఆగి, ఈదడం మొదలుపెడుతుంది. మూడోది ఈదడం మొదలుపెట్టగానే తల్లి వెనక్కి తిరిగి దాన్ని మింగేసింది. తోక చిరిగితే మేం కన్నీళ్లు పెట్టుకున్న గప్పీ ఇదే.

వల చేతిలోకి తీసుకున్నాను. పిల్లల్ని తీసి వేరే డబ్బాలో వేయవచ్చు, తల్లినే వేరు చేయవచ్చు. కాసేపు అలాగే నిలబడి వల పక్కన పెట్టేశాను. పోయిన నెల ఒక వెనకమూలన గుత్తులుగా నాచు కట్టి వేశాను, నీటిని శుభ్రం చేస్తుందని. కొన్ని పిల్లలు అటు పోతున్నాయి, కొన్ని పోవడం లేదు. బయటినుంచి మా ఆమె పిలిచింది, ముక్కలు కడగడానికి నీళ్లు తెమ్మని. తెస్తున్నానని చెప్పి, కళ్లద్దాలు తుడుచుకుని నాచులోకి వంగి చూశాను. రెండు కళ్లు కనబడ్డాయి. కొంచెం కింద ఇంకో రెండు. ఆకు కదిలితే ఇంకో జత.